తువ్వాల కింద ఓటు

మొన్న నిజామాబాద్‌లో పంచాయతీ ఎన్నికల డ్యూటీ శిక్షణకు పోయి, నవ్వకూడని చోట నవ్వి మాటపడ్డాను. నాలాంటి పంతుళ్లందరినీ ఓ హాల్లో కుక్కి కూర్చోబెట్టారు. వేదిక మీద ఒక అధికారి మూడు పక్కలా అట్టలు నిలబెట్టిన బల్లను చూపించి, "ఓటరు ఇక్కడ ముద్ర వేస్తాడు. ఎవరికి వేశాడో అతనికీ దేవుడికీ తప్ప మూడో మనిషికి తెలియకూడదు" అన్నాడు, హారతి ఇస్తున్నంత భక్తిగా. సరిగ్గా ఆ మూడో మనిషి దగ్గరే నాకు నవ్వొచ్చింది. ఫ్యాన్లు తిరగని హాల్లో ఒక్కడు నవ్వితే అది నవ్వులా వినపడదు, ధిక్కారంలా వినపడుతుంది. "ఏమిటండీ అంత హాస్యం?" అని అడిగాడాయన. "ఏం లేద్సార్, ఉప్మా అడ్డం పడ్డది" అన్నాను. నిజం చెప్పాలంటే ఆర్మూరులో నా మొదటి ఉద్యోగం దాకా పోవాలి, ఆయనకేమో ఇంకా పెట్టెకు లక్క సీలు వేయడం చూపించే పని మిగిలి ఉంది. మీకు లక్క తొందర లేదు కాబట్టి మీకు చెప్తాను.

ఎనభైల చివర్లో నన్ను ఆర్మూరు బడికి సోషల్ సారుగా వేశారు. మీసం ఇంకా పూర్తిగా ఒప్పుకోని వయసు. మొదటి రోజు పదో తరగతి గదిలోకి పోతే వెనక బెంచీ వాళ్లు జరిగి నాకు జాగా ఇచ్చారు. బడి వెనక గుట్ట, ఎవరో పందెం వేసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టినట్టుండే బండరాళ్లు. ముందు రోడ్డు, దాని మీద పసుపు బస్తాల లారీలు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఆ వాసన కిటికీలోంచి వచ్చి హాజరు వేయించుకున్నట్టు కూర్చునేది. పిల్లలందరికీ పసుపు గురించి నాకు సోషల్ గురించి తెలిసిన దానికన్నా ఎక్కువే తెలుసు. అందులో నాకు అభ్యంతరం లేదు. నా బాధల్లా తొమ్మిదో తరగతిలో ప్రజాస్వామ్యం పాఠంతో వచ్చింది. నిర్వచనం అడిగితే గదంతా ఒక్క గొంతుతో ఎక్కంలా అప్పజెప్పేది. "మంచిది, అంటే ఏందిరా?" అని అడిగితే మళ్లీ ఒక్క గొంతుతో, "నాలుగు మార్కులు సార్!" అనేది. వారం రోజులు ఉదాహరణలు చెప్పాను, బోర్డు మీద బొమ్మలు వేశాను, గొంతు పోగొట్టుకుని పాలల్లో మిరియాలు వేసుకుని తాగాను. వారం తర్వాత ఒకడు చెయ్యెత్తాడు. అర్థమైందేమోనని ప్రాణం లేచొచ్చింది. "సార్, ఎలక్షన్ల ఓడిపోయినోన్ని గెలిచినోడు కొట్టొచ్చునా?" అన్నాడు.

ఇట్లా కాదు, చేసి చూపించాలి, తరగతి లీడర్ని ఎన్నుకోమందామని నిర్ణయించుకున్నాను. అప్పటిదాకా లీడర్‌ను హెడ్మాస్టరు గారే పెట్టేవారు. ఆరో తరగతి నుంచీ ఒకే అబ్బాయి. వాళ్ల బాపుకు పసుపు మార్కెట్లో అడ్తి దుకాణం, అంటే రైతుల సరుకు అమ్మించి కమీషన్ తీసుకునే దుకాణం. ఆయన బడి కమిటీలో పెద్దమనిషి కూడా. బడి గోడకు సున్నం ఆయన వేయించిందే, గంట ఆయన కొనిచ్చిందే, కాబట్టి లీడరు కూడా ఆయన ఇచ్చిందే కావడం ఎవరికీ వింతగా తోచలేదు. లీడరు పని తేలికే. సారు లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయాలి. సారొచ్చి వాళ్లను కొట్టాలి. సాయంత్రం వాళ్లు బస్టాండు దగ్గర లీడర్ని కొట్టాలి. ఈ ఏర్పాటు నాలుగేళ్లుగా ఏ లోటూ లేకుండా నడుస్తోంది.

హెడ్మాస్టరు గారు ప్రతిదానికీ గుండె మీద చెయ్యి వేసుకునే మనిషి. సుద్దముక్కల డబ్బా పోయినా వేసుకునేవారు, నెహ్రూ జయంతికీ వేసుకునేవారు. ఎన్నిక అనగానే వేసుకున్నారు. "నా సర్వీసుల గిసొంటి పంచాయితి చూడలే సారూ. మన బడిల కొట్లాటలు తక్కువైనయా?" అన్నారు. పాఠంలో భాగమేనని, పుస్తకంలో 'కృత్యం' అని రాసి ఉందని చూపించాను. అచ్చులో ఉన్న మాటంటే ఆయనకు భయం. "సరే కానియ్యి. కాయితాలు మాత్రం ఒక్కటి గూడ ఇయ్య. స్టేషనరీ ఐపోయింది" అన్నారు. అంటే బ్యాలెట్ పేపరు లేని ఎన్నిక. చేతులెత్తిద్దామంటే అడ్తిదారు కొడుకు ముందు ఎదుటివాళ్లకు చెయ్యెత్తే మొనగాడెవడు? వాళ్ల నాయనలందరి పసుపూ అమ్ముడుపోయేది ఆ దుకాణంలోనే.

ఇంతకీ ఎదుటివాళ్లు ఒక్కరే. వేల్పూర్ నుంచి బస్సులో వచ్చే ఒకమ్మాయి. మధ్యాహ్నం నా పీరియడ్‌లో తల బల్లకు ఆనించి పడుకునేది, నేనది నా బోధన మహిమ అనుకునేవాణ్ని. మా హిందీ టీచరమ్మే ఒకరోజు స్టాఫ్‌రూములో అసలు సంగతి చెప్పింది. ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఉంది, కొత్తది, టైల్స్ వేసింది. దానికి తాళం ఉంది. తాళంచెవి హెడ్మాస్టరు గారి సొరుగులో ఉంది. ఎందుకయ్యా అంటే, "వాడితే ఖరాబైతది గద సారూ! ఇన్‌స్పెక్షనుకు ఏం జూపియ్యాలె?" ఊళ్లో ఉన్న ఆడపిల్లలు మధ్యాహ్నం బెల్లుకు ఇంటికి పోతారు, పోయినవాళ్లలో సగం మంది మళ్లీ రారు. తల్లులేమో ఎలాగూ వచ్చావు కదా అని పొలానికి తీసుకుపోతారు. వేల్పూర్ పిల్ల ఎటూ పోలేదు. అందుకని పొద్దున ఇల్లు కదిలినప్పటి నుంచి సాయంత్రం ఇల్లు చేరేదాకా నీళ్లు తాగదు. అది నిద్ర కాదు, తలనొప్పి. టీచరమ్మ రెండుసార్లు అడిగితే హెడ్మాస్టరు గారు ఒకటే మాటన్నారట: పిల్లల కోరికలు ఏవున్నా లీడరు ద్వారానే రావాలని. లీడరేమో ఆ విషయం ఎత్తాలంటే సిగ్గుతో చచ్చిపోయే మగపిల్లవాడు.

ఎన్నిక ఉందని చెప్పిన రోజు ఆ అమ్మాయి లేచి నిలబడింది. "సార్, నేను గెలిస్తే తాళంచెవి అడగొచ్చునా?"

"అడగొచ్చు."

"అడిగితే ఇస్తరా?"

"ప్రజాస్వామ్యంలో అడిగే హక్కు అందరికీ ఉంటుందమ్మా."

"ఇచ్చే హక్కు ఎవలకుంటది సార్?"

ఆ ప్రశ్న గైడులో కూడా లేదు. పిల్లను తీసుకుపోయి హెడ్మాస్టరు గారి ముందు నిలబెట్టాను. ఆయన ఆమెను ఎగాదిగా చూసి నవ్వి, గుండె మీద చెయ్యి వేసుకుని, "లీడరయి రా బిడ్డా, నా చేతుల మీదుగ ఇస్త" అన్నారు. తీర్చే పని పడదని తెలిసిన వరం ఇచ్చేవాళ్ల గొంతు ఎంత తియ్యగా ఉంటుందో ఆ రోజు విన్నాను. ఆమె మాత్రం దాన్ని మాట ఇచ్చినట్టే తీసుకుంది. బయటికొచ్చి మగపిల్లల ముందు ప్రచారం మొదలుపెట్టింది. "మాకేం ఫాయిదా?" అన్నారు వాళ్లు. "మీ పేర్లు బోర్డు మీద రాయనే రాయ" అంది. ఆ తర్వాత ఎన్నో ఎన్నికలు చూశాను గానీ ఇంత పొట్టి మేనిఫెస్టో, ఇంత సూటిగా తగిలింది మళ్లీ చూడలేదు.

కాగితాల చిక్కు విప్పింది మాత్రం పాత లీడరే. క్లాసులో లేచి, "సార్, ఎవలు ఎవలకేసిన్రో తెల్వద్దంటే మా మార్కెట్ల తీరుగ తువ్వాల కింద పెడ్దాం సార్. మా బాపు తువ్వాల తెస్త" అన్నాడు. నాకు తెలియదు, వెళ్లి చూసొచ్చాను. పసుపు యార్డులో బేరం నోటితో నడవదు. కొనేవాడూ అమ్మించేవాడూ ఎదురెదురుగా నిలబడి చేతులు కలుపుతారు. పైన తువ్వాల కప్పుకుంటారు. కింద వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ ఊరంతా మూగి ఉన్నా రేటు ఆ రెండు చేతులకే తెలుస్తుంది. మొహాలు చూడాలి అప్పుడు, చేతులతో తమకేం సంబంధం లేనట్టు ఒకరు ఆకాశంలోకి, ఒకరు బస్తాల్లోకి చూస్తుంటారు. ఇంతకన్నా రహస్య ఓటు ఢిల్లీలో కూడా ఉండదనిపించింది. ఒక వేలు నొక్కితే అబ్బాయికి, రెండు నొక్కితే అమ్మాయికి అని ప్రకటించాను. అప్పుడు టీచరమ్మ గొంతు సవరించుకుని, ఆడపిల్లలు తువ్వాల కింద పెళ్లికాని సారు చెయ్యి పట్టుకుంటే సాయంత్రానికల్లా ఆ సారు ఏ బస్సెక్కాల్సి వస్తుందో గుర్తు చేసింది. దాంతో ఆడపిల్లల బూత్ ఆమెకు అప్పగించాను. "మీ ప్రజాస్వామ్యం సంగతేమో గానీ నా లీజర్ పీరియడ్ మాత్రం పాయె" అంటూ భారతదేశం పటం అడ్డంగా వేలాడదీసుకుని అవతల కూర్చుంది.

పోలింగ్ మొదలైంది. మొదటి ఓటరు చివరి బెంచీ అబ్బాయి, వాళ్ల అబ్బా మార్కెట్లో బేరాలు కుదిర్చే దలాలు. వచ్చి దర్జాగా చెయ్యి లోపలపెట్టి మూడు వేళ్లు నొక్కాడు. ఉన్నది ఇద్దరు అభ్యర్థులు. నేను కదల్లేదు. వాడు కాసేపు చూసి నాలుగు నొక్కాడు. "ఏందిరా ఇది?" అని గొణిగాను. "సార్, మీరేం అంటలేరు గదా, పెంచిన" అన్నాడు. నేనింకా బిత్తరపోతుంటే ఐదు వేళ్లూ పట్టుకుని, "సార్, ఆప్ భీ తో కుచ్ బోలో!" అని బతిమాలాడు, మీరూ ఏదో ఒకటి చెప్పాలి కదా అని. వాడి తప్పు లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తువ్వాల కింద ఒకే వైపు నుంచి మాట రావడం వాడెప్పుడూ చూడలేదు. వాడి వెనక వచ్చినవాడు వేలు నొక్కి నా చెయ్యి వదల్లేదు, నా జవాబు వచ్చేదాకా కదలనని భీష్మించాడు. పటం అవతల నుంచి టీచరమ్మ కేక: "సారూ, ఈ పిల్ల వేలు నొక్కుతలేదు, నా గాజులు ఎక్కడ కొన్నరని అడుగుతున్నది!" అంతా ఆపేసి, ఇది బేరం కాదు, మీరు నొక్కుతారు, నేను ఊరుకుంటాను, అంతే అని మళ్లీ మొదటి నుంచి చెప్పాను. గదంతా నీరసపడిపోయింది. "గంతేనా సార్?" అన్నాడొకడు. వారం రోజుల నా పాఠానికి అంత నిజాయితీ గల సమీక్ష మళ్లీ రాలేదు.

ఆ తర్వాత సజావుగానే సాగింది. ఒక వేలు అందితే కుడి జేబులో, రెండు అందితే ఎడమ జేబులో సుద్దముక్క వేసుకున్నాను. టీచరమ్మ తన సంచిలో రెండు అరలు చేసుకుంది. లోకంలో ఎక్కడైనా ఓటు వేసినవాడి వేలికి గుర్తు పడుతుంది. ఆ తువ్వాల అడ్తి దుకాణానిది కాబట్టి ఇక్కడ ఎన్నికల అధికారి చెయ్యి మణికట్టు దాకా పచ్చబడింది. చివర్లో పాత లీడరు వచ్చాడు. చెయ్యి చెమటతో తడిసి ఉంది. మార్కెట్లో పెద్దవాళ్లలాగే మొహం ఎటో తిప్పి గుట్టను చూస్తూ రెండు వేళ్లు నొక్కాడు. పొరపాటు పడ్డాడేమోనని నేను కదలకుండా ఆగాను. మళ్లీ నొక్కాడు. రెండే. ఈసారి నొప్పి పుట్టేట్టు. ఈ సంగతి బయటపెట్టానని నా మీద ఎవరూ ఫిర్యాదు రాయకండి, పదో తరగతి పరీక్షలైన సాయంత్రం వాడే బస్టాండులో అందరి ముందూ చెప్పుకున్నాడు. "లీడరున్న నాలుగేండ్లు నన్నెవ్వడు కబడ్డీకి పిలువలే సార్. లీడర్ గానోళ్లనే పిలుస్తరు" అన్నాడు నాతో.

సుద్దముక్కలు లెక్కపెడితే అమ్మాయికి ఒక్కటి ఎక్కువ. ఒకే ఒక్కటి. ఆమె అరవలేదు, నవ్వలేదు, "తాళంచెవి ఇయ్యాల్నే ఇస్తరా సార్?" అని అడిగింది. రేపు అన్నారు హెడ్మాస్టరు గారు. ఆయన చెయ్యి ఈసారి నిజంగానే గుండె నొచ్చినట్టు అక్కడే ఉండిపోయింది.

మర్నాడు ప్రార్థన కాకముందే బజాజ్ స్కూటరు ఆగింది. అడ్తిదారు, వెనక సీటు మీద కొడుకు. ఆయన భుజం మీద నిన్నటి మా పోలింగ్ బూత్. హెడ్మాస్టరు గారు తన కుర్చీ ఇచ్చి తాను స్టూలు మీద కూర్చున్నారు. నన్ను పిలిపించారు. కొత్త లీడరు తాళంచెవి కోసం పొద్దున్నే వచ్చి వరండాలో నిలబడి ఉంది, తలుపు తీసే ఉంది.

"ఏం సారూ, మా పోరన్ని ఓడగొట్టినవట?"

"నేను ఓడగొట్టలేదు పటేలా. పిల్లలు ఓట్లేసిన్రు."

"ఒక్క వేలు తక్కువైందట. గా ఒక్క వేలు ఎవనిదో చెప్పు. నేను వాని నాయినతోని మాట్లాడుకుంట."

రహస్య ఓటు గురించి నాకు తెలిసిందంతా చెప్పాను. పౌరుడి హక్కు అన్నాను, పవిత్రమైనదన్నాను, నా గొంతు నాకే రేడియో ఉపన్యాసంలా వినిపించింది. ఆయన ఓపిగ్గా విని, "గదంత పుస్తకంల ఉంటది సారూ. నీ చెయ్యికి ఎరుకే గదా?" అన్నాడు. అక్కడే నా వాదం కూలిపోయింది. నిజమే, నా చెయ్యికి ఎరుకే. అందరి వేళ్లూ ఎరుకే. ఆయన వెతుకుతున్న వేళ్లు ఆయనకు జానెడు దూరంలో, నిక్కరు జేబులో ఉన్నాయని కూడా ఎరుకే. హెడ్మాస్టరు గారు అందుకున్నారు. "చెప్పరాదు సారూ. చెప్పకుంటే ఎలక్షన్ రద్దు చేస్త, పాత లీడరే ఉంటడు. తాళం గూడ ఎక్కడిదక్కడనే ఉంటది." వరండాలో పిల్ల చున్నీ కొస చుట్టుకుంటున్న వేళ్లు ఆగిపోయాయి. చెప్తే ఈ కుర్రవాడి వీపు విమానం మోత మోగుతుంది. చెప్పకపోతే ఆ పిల్ల మరో ఏడాది నోరెండి కూర్చోవాలి. బీఎడ్‌లో మాకు బోధనోపకరణాలు తయారుచేయడం నేర్పారు గానీ ఇది నేర్పలేదు.

"బాపూ" అన్నాడు కొడుకు, నేల చూస్తూ. "తువ్వాల కిందిది అడుగుతవా?"

ఆయన తిరిగి చూశాడు.

"మొన్న నిర్మల్ సేటు వచ్చి పక్కోని రేటెంతని అడిగితే నువ్వేమన్నవు? తువ్వాల కిందిది బయటేస్తే నా దుకాణం మూసుకోవాలె అన్నవు గదా. సారు చెప్తే రేపటి సంది సారుకు ఎవలు చెయ్యిస్తరు?"

విలువల కోసం ఒక పిల్లవాడు అంత గట్టిగా నిలబడటం చూసి హెడ్మాస్టరు గారి కళ్లు చెమర్చాయి. ఆ విలువల మీద వాడికున్న మమకారానికి అసలు కారణం తెలిసినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి నా కళ్లు చెమర్చలేదు, దగ్గొచ్చింది. అడ్తిదారు భుజం మీది తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు, మొహం కాస్త పచ్చబడింది. హక్కు, రాజ్యాంగం, పవిత్రం అని నేను తలబాదుకున్నా కదలని మనిషి తన మార్కెట్ మాట దగ్గర ఆగిపోయాడు. "ఔ" అన్నాడు చివరికి. "అడగద్దు. నేనే తప్పు మాట్లాడిన." లేచి నిలబడి హెడ్మాస్టరు గారితో, "గా పిల్లకు తాళం ఇయ్యున్రి. మాటిచ్చిన్రట గదా" అన్నాడు. గుమ్మం దాటుతూ నా వైపు తిరిగి, "మల్లొచ్చే యేడు చూస్త సారూ, పోరన్ని మంచిగ తయారుచేస్త" అని కూడా అన్నాడు. ఓడినవాడు మళ్లీ ఎన్నిక దాకా ఆగుతాననడం కన్నా పాఠంలో నేను చెప్పాల్సింది ఏముందో నాకు తోచలేదు. హెడ్మాస్టరు గారు గుండె మీది చెయ్యి తీసి సొరుగులో పెట్టారు.

తాళం తుప్పు పట్టి ఉంది. అటెండరు కిరోసిన్ పోసి, తిట్టి, సుత్తితో కొట్టి తెరిచాడు. ఆ మధ్యాహ్నం లీడరు కుండ దగ్గర నిలబడి గ్లాసెడు నీళ్లు తాగింది, మరో గ్లాసు ముంచుకుంది. దాని గురించి రెండు మంచి వాక్యాలు రాయాలని ఇప్పుడు ఉంది గానీ, ఆ రోజు నాకా తీరిక లేదు. భోజనాల తర్వాత పీరియడ్‌లో ఆడపిల్లల బెంచీలు మొదటిసారి నిండుగా ఉన్నాయి. ఉత్సాహం పొంగి ప్రాథమిక హక్కుల మీద నా జీవితంలోకెల్లా గొప్ప ఉపన్యాసం ఎత్తుకున్నాను. సరిగ్గా స్వేచ్ఛ దగ్గరికి రాగానే లీడరు లేచింది. "సార్, పోయొస్త." పంపాను. ఆమె వచ్చి కూర్చుంది, మళ్లీ స్వేచ్ఛ అన్నాను, పక్కమ్మాయి లేచింది. తర్వాత ఇంకో అమ్మాయి. ఆ రోజే కాదు, ఏడాది పొడుగునా అంతే. స్వేచ్ఛ దాటి సమానత్వం దాకా ఒక్కసారైనా ఆగకుండా పోలేకపోయాను. పరీక్షలొచ్చేసరికి మూడు పాఠాలు మిగిలిపోయి, పోర్షన్ ఎందుకు కాలేదని హెడ్మాస్టరు గారు అందరి ముందూ కడిగేశారు.

పళ్లు నూరుకుంటూనే ఆ ఏడాది గడిపాను. నలభై నిమిషాల పీరియడ్‌లో నేను వరసగా చెప్పుకుపోయినదేదీ ఆ పిల్లలకిప్పుడు గుర్తుండి ఉండదు. ఒకరు లేచి వెళ్లి తిరిగొచ్చేదాకా సుద్దముక్క పట్టుకుని విసుక్కుంటూ నిలబడిపోయిన ఆ కాస్త సేపే, ఇన్నేళ్ల తర్వాత లెక్క చూసుకుంటే, ఆ ఏడాదిలో నేను వృథా చేయని కాలం.